ఆఖరి మాట

సఫారీ పార్కు గేటు దగ్గర కాపలాదారు కారు అద్దం మీద వేలితో తట్టి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. "అద్దాలు దించొద్దు. కారు దిగొద్దు. దుమ్ములగొండుల గేటు దాటాక, బయట్నుంచి ఎవరు పలకరించినా బదులివ్వొద్దు."

"జంతువులు పలకరిస్తాయా ఏంటి?" అంది లాయరమ్మ. వాదించకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

"వాటికి సొంత మాట లేదమ్మా. అందుకే."

స్టీరింగు దగ్గర భర్త నవ్వాడు. "మా ఇంట్లో ఇద్దరు లాయర్లు బాబూ. బదులివ్వొద్దంటే కడుపుబ్బి చస్తారు."

రెండో లాయరు వెనక సీట్లో కాళ్ళూపుతోంది. ఇంకా బడికైనా వెళ్ళని కూతురు. తల్లీకూతుళ్ళకు ఒక ఆట ఉంది: మాటకు మాట అప్పజెప్పడం. ఆఖరి మాట ఎవరిదైతే గెలుపు వాళ్ళది. నోరున్న పిల్లే నెగ్గుకొస్తుందని, ఆట నేర్పింది తల్లే.

జీబ్రాలయ్యాయి, జిరాఫీలయ్యాయి. దుమ్ములగొండుల గేటు వెనక మూసుకునేసరికి పొగమంచు దిగింది. తడిగడ్డి వాసన. దాని అడుగున మురిగిన మాంసం వాసన. రోడ్డుకు అడ్డంగా ఓ దుమ్ములగొండి పడుకుని ఉంది. కారు ఆగింది.

ఎక్కడో ఒక నవ్వు. ఇంకాస్త దగ్గర్లో ఇంకో నవ్వు. అద్దాల చుట్టూ మసకమసకగా వంగిన వీపులు...

"హారన్ కొట్టండి," గొంతు తగ్గించి అంది లాయరమ్మ.

"మీదికొస్తాయే. ఊరుకో."

"ఊరుకో," అంది వెనక అద్దం అవతల ఏదో.

అచ్చం అతని గొంతు.

లాయరమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్ళ కింద నొక్కిపట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"ఊరుకో..."

"నువ్వే ఊరుకో!" అంది వెనక సీట్లోంచి కూతురు.

తల్లి గభాల్న వెనక్కి వంగి పిల్ల నోరు మూసింది. అప్పటికే బయట నవ్వులన్నీ ఆగిపోయాయి. రోడ్డు మీది జంతువు లేచింది. వచ్చిన పని అయిపోయినట్టు, తీరిగ్గా దారిచ్చి తప్పుకుంది...

దుమ్ములగొండుల అవతలి గేటు దాటగానే, దారి చుట్టు తిరిగి మొదటి గేటు పక్కకే వచ్చింది. కాపలాదారు టార్చి వేశాడు. "అందరూ బాగున్నారా?"

"బాగున్నాం," అన్నాడు భర్త.

"బాగున్నాం," అంది లాయరమ్మ.

"పాపా, నువ్వో?"

పిల్ల నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మెడ నరం పొంగింది. చప్పుడు లేదు. మళ్ళీ తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు.

"మాట్లాడు తల్లీ! ఏదో ఒకటి అను... నాకు ఎదురు చెప్పవే!"

కాపలాదారు టార్చి ఆర్పేశాడు. అతను పిల్లవైపు చూడటం లేదు. కారు వెనక మూసుకున్న దుమ్ములగొండుల గేటు వైపు చూస్తున్నాడు. ఆ అవతల, పొగమంచులోంచి, సన్నటి గొంతు హుషారుగా కేకేసింది.

"అమ్మా! ఆఖరి మాట నాదే! నేనే గెలిచా!"

లాయరమ్మ పెదవి విప్పబోయింది. కాపలాదారు వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"అమ్మా..." ఈసారి గేటుకు ఆనుకునే. "పలకవేం?"