హుదెత్స్ తోకచుక్క

లాగ్‌బుక్‌లో ఒక పేజీ లేదు. ఎవరో బ్లేడుతో కోసేశారు.

1954 ఫిబ్రవరి 9, మంగళవారం. ఉదయం 10.20.

టాట్రా కొండ మీది అబ్జర్వేటరీ ఆఫీసులో పోలీసు లెఫ్టినెంట్ బెంకో ఆ పుస్తకం తిరగేశాడు. మంచులో రెండు గంటలు కొండెక్కి వచ్చింది ఈ కాగితం ముక్క కోసమా! అతనికి ఒళ్ళు మండింది.

"కాగితం కాదండీ, పోయింది నా తోకచుక్క," అంది అక్కడ పనిచేసే మిలోతా. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచాయి. "ముందు కనిపెట్టి కోపెన్‌హేగన్‌లోని ఖగోళ కేంద్రానికి టెలిగ్రామ్ కొట్టినవాళ్ళ పేరే దానికి పెడతారు. నాలుగేళ్ళు వెతికాను. శుక్రవారం తెల్లవారుజామున దొరికింది, ఆ పేజీలోనే రాశాను. టెలిగ్రామ్ రాసి, పంపమని డాక్టర్ గారి చేతికిచ్చాను. ఇవాళ రేడియోలో హుదెత్స్ తోకచుక్క అంటున్నారు!"

ఆమెకు పని నేర్పిన డైరెక్టర్, డాక్టర్ హుదెత్స్, నిట్టూర్చాడు.

"పాపం, పిల్ల భ్రమపడుతోంది. నేను గురువారమే చూశాను. ఇదిగో నా నోట్‌బుక్."

నీలి సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. గురువారం, ఉదయం 4.50.

"ఎక్కడ రాశారు?" అడిగాడు బెంకో.

"డోమ్‌లోనే. టెలిస్కోప్ పక్కన నిలబడి."

బెంకో వాచ్‌మన్ షిమ్కోను పిలిచాడు.

"గురువారం తెల్లవారుజామున చలెంత?"

"మైనస్ ఇరవై మూడు సార్. నా మీసం గడ్డకట్టింది. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది."

"డోమ్‌లో స్టవ్ ఉందా?"

"స్టవ్వా! వేడి తగిలితే చుక్కలు వణుకుతాయని ఈ డాక్టర్ గారు అగ్గిపుల్లయినా గీయనివ్వరు!"

బెంకో లాగ్‌బుక్ ఎత్తి చూపాడు.

"ఇందులో చలికాలం పేజీలన్నీ పెన్సిలే. ఎందుకమ్మా?"

"ఆ చలికి సిరా గడ్డకడుతుంది సార్. పెన్ను పనిచెయ్యదు."

"మరి మీ పెన్నెలా పనిచేసింది, డాక్టర్ గారూ? డోమ్ ఎక్కి ఎన్నేళ్ళయింది? ఇది ఈ వెచ్చటి గదిలో రాసింది. పేజీ కోసిందీ మీరే."

హుదెత్స్ నోట్‌బుక్ మూసేశాడు.

"ముప్పై ఏళ్ళు ఆకాశం చూశాను. ఒక్కటీ నా పేరున లేదు. ఈ పిల్లకింకా ఇరవై ఆరే. ముందుముందు బోలెడు దొరుకుతాయి."

మిలోతా హుదెత్స్ వైపు తిరిగింది. నమ్మించి గొంతు కోసింది కన్నతండ్రిలా చూసుకున్న మనిషే.

"నా టెలిగ్రామ్ ఏం చేశారు?"

"కాల్చేశాను."

"చదివారా?"

"లేదు. మడత విప్పడానికి చేతులు రాలేదు."

"అందులో రెండు పేర్లు రాశాను. ఆకాశంలో ఆ వైపు వెతకమన్నది మీరేగా. మీ పేరే ముందు పెట్టాను."

హుదెత్స్ కుర్చీలో కూలబడ్డాడు.

బెంకో బల్ల మీది టెలిగ్రామ్ ఫారం ఆమె ముందుకు జరిపాడు.

"మళ్ళీ రాయమ్మా. నేనే పంపిస్తాను. ఎన్ని పేర్లు?"

మిలోతా కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటే," అంది.