తెర వెనక జవాబులు

భోజనాల వేళ ఎమర్జెన్సీ వార్డు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఆ రోజు ముసురు పట్టి పగలే లైట్లు వేశారు. తడి గొడుగుల వాసనా, స్పిరిట్ వాసనా కలిసి ముక్కుకి అంటుకుంటున్నాయి. డ్యూటీ డాక్టరమ్మ టీ కప్పు నోటిదాకా తెచ్చుకుందో లేదో, కళ్ళు తిరిగి పడిపోయాడంటూ ఓ పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. బస్సు నడిపి రిటైరైన మనిషట.

మానిటర్ మీద గుండె వేగం ముప్పై నాలుగు. ఎవరి కోసమో ఆగి ఆగి నడుస్తున్నట్టుంది.

ఛాతీకి అట్టలు అంటించి, కరెంటుతో గుండెని తట్టి నడిపే మిషను పక్కనే ఉంది. కానీ పాఠం చెప్పిన పెద్ద డాక్టరు ఆమెకి నూరిపోసింది ఒక్కటే: అంకెని కాదు, మనిషిని చూడు. తెలివిగా మాట్లాడుతూ, నొప్పి లేకుండా, బీపీ నిలకడగా ఉంటే ఆగొచ్చు. మెలకువలో ఉన్నవాడికి ఆ దెబ్బలు నరకం.

నర్సు బీపీ పట్టీ కోసం వెళ్ళింది. డాక్టరమ్మ తెర లాగి, మానిటర్ మీద కళ్ళు పెట్టి అడిగింది.

"పెద్దాయనా, ఛాతీలో నొప్పి ఉందా?"

"లేదమ్మా." మెత్తటి గొంతు.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"హాయిగా ఉంది. నన్నిలా వదిలెయ్."

హమ్మయ్య అనుకుందామె. అంతలో నర్సు వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు మేడమ్?"

"ఈయనతోనే అక్కా. చక్కగా జవాబిస్తున్నాడు."

"వచ్చిన దగ్గర్నుంచి ఈయన నోరే విప్పలేదు..."

అప్పుడు చూసింది మొహం వైపు. పెదాలు నీలం. పళ్ళు గిట్టకరిచి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట. బీపీ అరవై దగ్గర ఆగింది. మందు ఎక్కించారు. గుండె వేగం పెరగలేదు.

అట్టలు అంటించి, మీట మీద వేలు పెట్టింది.

"వద్దమ్మా..."

చెవి పక్కనే. పెద్దాయన పెదాలు కదల్లేదు.

అయినా నొక్కింది.

మంచం మీద మనిషి ఎగిరిపడ్డాడు. కరెంటు దెబ్బకి ఊగే మానిటర్ గీతల్ని నమ్మకుండా, తొడ మొదట్లో వేళ్ళు పెట్టి నాడి వెతికింది... లేదు... కరెంటు పెంచింది... ఇంకాస్త... తగిలింది! దెబ్బకో నాడి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

కాసేపటికి పెద్దాయన కళ్ళు తెరిచాడు. "అబ్బా... నొప్పి," అన్నాడు. బొంగురు గొంతు. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని గుసగుసలాడాడు.

"ఇందాక లేదన్నది... నేను కాదు తల్లీ."

పక్క తెర వెనక తోటి డాక్టరు, స్పృహ తప్పి వచ్చిన కాలేజీ అమ్మాయిని అడుగుతున్నాడు. "ఏమ్మా, ఛాతీ బరువుగా ఉందా?"

"లేదు సార్," అంది ఇందాకటి అదే మెత్తటి గొంతు. "హాయిగా ఉంది."

డాక్టరమ్మ కేకెయ్యబోయింది. నోరు పెగల్లేదు.

"గుడ్. అయితే పడుకో," అన్నాడతను. చెప్పుల చప్పుడు దూరమైంది.