పిలుపుల గండి

భీమిలి దాటి ఉత్తరంగా పోతే ఒకచోట రోడ్డు సముద్రాన్ని వదిలేస్తాది. ఆడినుంచి అంతా నల్లరాళ్ల గట్టు. గట్టు నడుమ మనిషి దూరేంత చీలిక ఒకటి ఉండాది. పిలుపుల గండి అంటారంట. పొద్దు గూకినాక లోపల్నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారంట... పలికినోడు తిరిగి రాడంట.

నేను పోలేదు, చూడలేదు. సాయిప్రసాద్ చెప్పినాడు. ఆ చీకట్లో ఆడ పరిగెత్తినోళ్లలో వాడొకడు. సిగ్గుపడతానే చెప్పినాడు. వాని గురించి నేననగలిగిన మంచిమాట అదొక్కటే.

పోయిన జనవరిలో ముగ్గురు కారేసుకుని ఆడికి పోయినారు. ఉమాపతి మదనపల్లెలో నేను పనిచేసే ప్రైవేటు కాలేజీలోనే ఫిజిక్స్ చెప్తాడు. నోరు మూసుకోవడం తప్ప వానికి రాని విద్య లేదు. సాయిప్రసాద్ పుంగనూరోడు, అదే కాలేజీలో క్లర్కు. ఉమాపతి నవ్వితే నవ్వే రకం. మూడోవాడు గణేష్, ల్యాబ్ అసిస్టెంటు. గుడుపల్లె పక్క పల్లె. అమ్మానాయన కూలికి పోయి చదివించినారు. వెయ్యడుగులు బోరేసినా తడి తగలని నేల వాళ్లది. ముప్పై ఏండ్లొచ్చినాక అదే మొదటిసారి వాడు సముద్రం చూడడం.

చూసి ఏడ్చినాడంట. ఉమాపతి దాన్ని వీడియో తీసి కాలేజీ గ్రూపులో పెట్టినాడు.

గట్టు పక్కనే ఉండే జాలరిపేటలో కారు ఆపినారు. టీకొట్టాయన గండి సంగతి చెప్తే ఉమాపతి పకపకా నవ్వినాడు.

"సందులో గాలి దూరితే కూతొస్తాది. అది గూడా తెలీదు వీళ్లకు. దెయ్యమంట!"

పక్కన చేపలు ఆరేస్తాండే పోలమ్మ అనే ముసలామె తలెత్తి చూసింది.

"సీకటి పడకముందే వచ్చెయ్యండి బాబూ. పోటెక్కి సందుల్లోకి నీళ్లొచ్చేస్తాయి."

ఆ మాట గూడా వానికి నవ్వులాటే అయింది.

పొద్దంతా రాళ్లమీద ఎక్కినారు, దిగినారు. రాళ్ల గుంతల్లో నిలిచిన నీళ్లలో పీతలు కనబడితే చాలు, గణేష్ గొంతుక్కూర్చుని చూస్తాడు. పాచి మీద వాని చెప్పులు జారతాండాయి. నాలుగింటికి ఉమాపతికి విసుగొచ్చింది.

"నీతో వేగలేనప్పా. పోయి కారు కాడ కూసో, పో."

గణేష్ ఒక్కడే వెనక్కి తిరిగినాడు.

వీళ్లిద్దరూ గట్టు చివరిదాకా పోయినారు. తిరిగి గండి కాడికొచ్చేసరికి బాగా చీకటి పడింది. చేతిలో ఫోన్ లైటు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు వినబడింది.

"ఉ... మా..."

ఉమాపతి ఆగిపోయినాడు. అల వచ్చి రాయిని కొట్టింది. గొంతు మునిగిపోయింది. మళ్లీ లేచింది — రాళ్ల అడుగునుంచి, బొంగురుగా...

"ఉమాపతీ... రా..."

"గాలే కదా?" సాయిప్రసాద్ గుసగుసగా అడిగినాడు.

ఫిజిక్స్ లెక్చరర్ లబక్కన సాయిప్రసాద్ నోటిమీద చెయ్యి పెట్టి అదిమినాడు.

"పలకొద్దు... పలకొద్దు..."

ఈసారి గండి సాయిప్రసాద్ పేరు పిలిచింది.

పరుగే పరుగు. మోకాళ్లు చీరుకుపోయినా ఆగలేదు. పేటలో పోలమ్మ వాకిట్లో వచ్చి పడినారు.

"పేరు పెట్టి... పిలిచిందమ్మా..."

ఆమె లాంతరెత్తి ఇద్దరి మొగాలూ చూసింది.

"మూడో బాబేడీ?"

"కారు కాడ..." అంటా సాయిప్రసాద్ తల తిప్పినాడు.

కారు ఉండాది. కారు కాడ ఎవరూ లేరు.

పోలమ్మ కాండ్రించి ఉమ్మింది.

"దెయ్యానికి మీ పేర్లెలాగ తెలుస్తాయర్రా? మా మొగోళ్లు సీకట్లో ఆ రాళ్లెంట తిరక్కుండా మా అత్తలు కట్టిన కత అది!"

కొడుకును కేకేసి, తాడు భుజాన వేసుకుని, డెబ్బై ఏండ్ల ముసలామె ముందు నడిచింది. సాయిప్రసాద్ ఆమె వెనక పోయినాడు. ఉమాపతి కార్లో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నాడు.

గణేష్ వెనక్కి వస్తా జారి గండిలో పడినాడు. కాలు రాళ్ల నడుమ ఇరుక్కుపోయింది. నాలుగింటినుంచీ అట్లే ఉండాడు. పైకి లాగేటప్పటికి నీళ్లు గడ్డం తాకతాండాయి.

బతికినాడు. మడమ మాత్రం విరిగింది.

ఇప్పుడు ఉమాపతి స్టాఫ్ రూములో, పెండ్లిండ్లలో, ఎవరు దొరికితే వాళ్ల కాడ ఒట్టేసి చెప్తాండాడు — గండిలో నిజంగానే దెయ్యముండాదంట. తనను పిలిచింది అదేనంట. అది ఆడగొంతంట. అంత సైన్సు చదివినోడు చెప్తాండాడని జనం గూడా నమ్మతాండారు.

మొన్న ల్యాబ్‌కు పోయి నేనే గణేష్‌ను అడిగినాను.

"చీకట్లో ఎవరని తెలీక భయపడినారేమో గదప్పా?"

గణేష్ సీసాలు కడగతాండాడు. చెయ్యి ఆపలేదు.

"ఉమాపతి వంగి లైటు నా మొగం మీద వేసినాడన్నా. ఇద్దరూ చూసినారు. 'గణేషా' అని గూడా అన్నాడు. అంతలో పెద్ద అల లేచింది... అప్పుడు పరిగెత్తినారు."

సాయిప్రసాద్ ఈ ముక్క నాకు చెప్పలేదు.