పుష్పవతి పాక

“పుష్పవతీ...”

చీకట్లోకి చూస్తూ మెల్లగా పిలిచాడు ఉదయ్ కిరణ్. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో మైకు. దారి చూపించడానికి పక్కన టార్చితో మా రేవతక్క. ఇదంతా అక్క చెప్పిందే — నేను కళ్లారా చూసింది కాదు.

ఆగిరిపల్లి దాటాక రసాల మామిడి తోటలో ఉంటుంది ఆ కాపలా పాక. ఇప్పుడు పొద్దుగూకితే అటు ఎవరూ పోరు గానీ, పోయిన వేసవి దాకా దానికి ఏ చెడ్డపేరూ లేదు. కాపలా ఉండే ఇన్నమ్మ అందులోనే వండుకునేది, గడ్డిలో కాయలు మాగేసేది, పాడుకునేది. హైదరాబాద్ నుంచి ఉదయ్ కిరణ్ వచ్చి ఆ పాటలు రికార్డు చేసుకెళ్లాడు. తర్వాత వాటితో ఎగ్జిబిషన్ పెట్టాడు — అంతరించిపోయిన ఒక తెగ పాటలట, ఆఖరిగా పాడిన మనిషి పేరు పుష్పవతి అట, ఈ పాకలోనే పాము కరిచి పోయిందట.

ఫోన్లో ఆ పాట విని నేనెంత ఏడ్చానో. మాగిన పండు వాసనలాంటి గొంతు... చచ్చిపోయినవాళ్లకే అంత తియ్యగా ఉంటుందేమో అనుకున్నాను.

కూలీలు మాత్రం ఆ గొంతు ఇన్నమ్మదేనని గుర్తుపట్టారు. గుర్తుపట్టి, పుష్పవతి దెయ్యమై ఈవిడకి పట్టిందన్నారు. నేను పాడిందేనయ్యా అని ఇన్నమ్మ మొత్తుకున్నా నమ్మలేదు. ఎగ్జిబిషన్‌లో పెట్టింది అబద్ధమవుతుందా అన్నారు. ఆవిడ ఉంటే కాయ కోతకి రామన్నారు. తోట లీజుకి తీసుకున్న షావుకారు ఇన్నమ్మని కాపలా మాన్పించేశాడు. ఇంకే తోటలోనూ పని దొరకలేదు.

ఈ ఏడు ఉదయ్ కిరణ్ మళ్లీ వచ్చాడు. పుష్పవతిని పేరు పెట్టి పిలిచి, ఆవిడ లేని పాక ఎంత మౌనంగా ఉంటుందో రికార్డు చేస్తాడట. అది విని ఇన్నమ్మ, రేవతక్క చెయ్యి పట్టుకుందట. “ఆణ్ని రాత్రికి తీసుకురా అమ్మా. కూలీల్ని చాటున ఉంచి, లోపల నేను కూచుంటా. మూడో పిలుపుకి పలుకుతా. ఆడి నోటితోనే నిజం కక్కాలి.”

మా తోటల్లో రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకరు. దెయ్యం అన్నిసార్లు పిలవలేదని నమ్మకం. అతనికి అవేం తెలీవు. సౌండు కుదరలేదని మళ్లీ పిలిచాడు.

“పుష్పవతీ...”

ఆకు కదల్లేదు.

“పుష్పవతీ...”

“ఆఁ...”

పాకలోంచి... అదే గొంతు. అక్క నవ్వు ఆపుకుంది.

“నన్ను ఏ కాలికి కరిచింది బాబూ?”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నాకు గుర్తు రావట్లా... నువ్వే చెప్పు.”

అప్పుడే వెనక ఎండాకుల చప్పుడైంది. అక్క తిరిగి చూసింది. లాంతరు పట్టుకుని, ఆయాసపడుతూ — ఇన్నమ్మ. వెనకాల కూలీలు.

“వీళ్లని బయల్దేరదీసేసరికి ఆలస్యమైంది రేవతమ్మా,” అంది గుసగుసగా. “పిలిచేశాడా?”

అక్క చేతిలో టార్చి జారిపోయింది.

పాకలో పాట మొదలైంది. ఇన్నమ్మ పెదాలు మూసే ఉన్నాయి...

ఇన్నమ్మ వింటూ కాసేపు నిలబడింది. బెదరలేదట. అతని భుజం పట్టుకుని పాక వైపు నెట్టింది.

“నేను చెప్తే వీళ్లు నమ్మలేదు. ఆవిడకి చెప్పు.”

అతను గుమ్మంలో కూలబడ్డాడు. హెడ్‌ఫోన్స్ పీకేశాడు. పాట ఆగలేదు... దగ్గరికొస్తోంది.

“తెగ లేదు. పాము లేదు. పాడింది ఇన్నమ్మ,” అన్నాడు. “నువ్వు... నువ్వసలు లేవు. నిన్ను నేనే పుట్టించా. నేనే చంపా.”