నాన్న ఏ దారిన వెళ్ళాడు?

"నాన్నా, త్వరగా! ఇది రేసు ప్రాక్టీసా, ఊరేగింపా?"

కొండ మీద పెద్ద మలుపు దగ్గర సైకిల్ ఆపి, తూనీగ కిందికి చూస్తూ అరిచింది.

కింద నాన్న తల వంచుకుని పెడల్ తొక్కుతున్నాడు. హెల్మెట్ ఎరుపు, దాని కింద ముఖం అంతకంటే ఎరుపు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "వస్తున్నా... వస్తున్నా..." అన్న మాట కూడా సగం గాలిగానే బయటికొచ్చింది.

తూనీగకి అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కుదురుగా ఉండదని అమ్మ పెట్టిన ముద్దుపేరే ఇంట్లో, బడిలో స్థిరపడిపోయింది.

వచ్చే నెలలో కొండ సైకిల్ రేసు ఉంది. చక్కటి రోడ్డు మీద కాదు. రాళ్ళలో, మట్టిలో, వాగు దాటుకుంటూ పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా తొక్కాలి. పెద్దవాళ్ళు ఒకరు, పిల్లలు ఒకరు కలిసి జంటగా వెళ్ళాలి. జంటలో వెనకబడినవాళ్ళు కూడా ముగింపు గీత దాటితేనే రేసు పూర్తయినట్టు.

నిజానికి అమ్మ రావాల్సింది. అమ్మ సైకిలెక్కిందంటే ఇక పట్టుకోవడం కష్టం. కానీ పాపం, ఆఫీసు మెట్ల మీద జారి మోకాలు బెణికించుకుంది.

"పిల్ల అంత ఆశపడుతుంటే ఊరుకుంటామా? నేనున్నాగా!" అన్నాడు నాన్న.

నాన్నది కళ్ళజోళ్ళ షాపు. రోజంతా స్టూలు మీద కూర్చుని చేసే పని. కాలేజీ వదిలాక ఆయన సైకిల్ ముట్టుకున్నదే లేదు. ఆయన "నేనున్నాగా" అనగానే తూనీగ ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

ఎట్టకేలకు నాన్న మలుపు దగ్గరికి చేరుకున్నాడు. ఒక కాలు నేలకి ఆనించి, హ్యాండిల్ మీదికి వంగిపోయాడు.

"ఒక్క... ఒక్క నిమిషం..."

తూనీగ అప్పటికే పెడల్ మీద కాలు వేసేసింది. ఇంతసేపూ ఆగింది కదా, ఆమె ఆయాసం ఎప్పుడో తీరిపోయింది. నాన్న ఆగింది ఇప్పుడేనని ఆమెకి తట్టనే లేదు.

"చెక్‌పోస్ట్ దగ్గర కలుద్దాం నాన్నా!"

"ఆగవే! పైన దారి రెండుగా చీలుతుంది. అక్కడ నా కోసం..."

మిగతా మాటలు ఆమె చెవిన పడలేదు.

పైన నిజంగానే దారి రెండుగా చీలింది. ఎడమ దారి అటవీ శాఖ చెక్‌పోస్ట్‌కి దిగుతుంది. కుడి దారి పాత రాళ్ళ క్వారీ వైపు వెళ్తుంది. తూనీగకి ఆ దారి కొట్టినపిండి. బ్రేకైనా వెయ్యకుండా ఎడమకి తిరిగింది. ఇక అంతా దిగుడే! చెవుల్లో గాలి హోరు, టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడు. రెక్కలొచ్చినట్టుంది ఆమెకి.

చెక్‌పోస్ట్ బయట బెంచీ మీద కూర్చుని గార్డు ఆంటీ టార్చిలైటు బాగుచేసుకుంటోంది. ప్రతి ఆదివారం చూసే మనిషే.

"ఏమ్మా, ఇవాళ ఒక్కదానివే వచ్చావు?"

"నాన్న వెనకాల వస్తున్నాడు ఆంటీ. ఆయన ఎప్పుడూ వెనకాలే."

తూనీగ బెంచీ చివర కూర్చుని అరటిపండు తింది. నీళ్ళు తాగింది. నాన్న జాడ లేదు. కాళ్ళూపుకుంటూ, ఇంటికెళ్ళాక అమ్మకి ఏం చెప్పాలో మనసులోనే తయారుచేసుకుంది. 'అమ్మా, నాన్నతో నావల్ల కాదు. ఆయనతో వెళ్తే మేము గీత దాటేసరికి అందరూ ఇళ్ళకి వెళ్ళి నిద్రపోతుంటారు.'

ఇంతలో పైనుంచి ఇద్దరు కాలేజీ అబ్బాయిలు సైకిళ్ళ మీద దిగారు.

"అన్నయ్యా, దారిలో ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న ఆయన కనిపించారా?"

"లేదే! పెద్ద మలుపు నుంచి ఇక్కడిదాకా మాకు ఒక్కరూ కనిపించలేదు."

తూనీగ ఊపుతున్న కాళ్ళు ఆగిపోయాయి.

గార్డు ఆంటీ టార్చి పక్కన పెట్టింది. "మీ నాన్నని చివరిసారి ఎక్కడ చూశావు?"

"పెద్ద మలుపు దగ్గర."

"ఆ తర్వాత?"

"చూడలేదు."

"మధ్యలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదా?"

ఆంటీ తిట్టలేదు. తెలుసుకుందామనే అడిగింది. అయినా ఆ మాటకి తూనీగ తల ఎత్తలేకపోయింది. మెల్లిగా అడ్డంగా ఊపింది.

నాన్నకి ఫోన్ చేస్తే కలవలేదు. కొండ మీద సిగ్నల్ ఉండదు.

"పద, జీపెక్కు," అంది ఆంటీ.

జీపు మూలుగుతూ కొండెక్కింది. చీలిక దగ్గర నాన్న లేడు. కుడివైపు దారిలోకి తిరిగారు. కాస్త దూరం పోయాక క్వారీ అంచున నాన్న సైకిల్ పడి ఉంది. మనిషి లేడు.

తూనీగ జీపు దిగి సైకిల్ దగ్గరికి పరిగెత్తింది.

అప్పుడు కింద నుంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుపోయింది. అయినా ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలియదా?

"తూనీగా! తూనీగా! ఎక్కడున్నావే? పలకవే తల్లీ!"

తూనీగ అంచు వైపు దూకబోతే ఆంటీ ఆమె చొక్కా పట్టుకుని ఆపింది.

"నాన్నా! ఇక్కడున్నా! పైన!"

కింద ముళ్ళపొదల మధ్య నాన్న నిలబడి ఉన్నాడు. ఒక కాలికి షూ లేదు. చేతిలో కర్ర. దాంతో పొదలు ఒక్కొక్కటే పక్కకి తప్పించి చూస్తున్నాడు. తల ఎత్తి పైకి చూశాడు. ఒక్క క్షణం తన కళ్ళని తనే నమ్మనట్టు అలాగే ఉండిపోయాడు. తర్వాత అక్కడే రాతి మీద చతికిలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

చుట్టు దారిలో ఆంటీ ఆయన్ని పైకి తీసుకొచ్చింది.

"నువ్వు... ఇటు రాలేదా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా. చెక్‌పోస్ట్ దగ్గరే కూర్చున్నా."

"చీలిక దగ్గర ఆగుతావనుకున్నా. లేవు. ఆ వేగంలో పొరపాటున ఇటు తిరిగావేమోనని చూద్దామని వచ్చా. ఇదిగో, ఇక్కడ టైరు జారిన గుర్తు. అంచు దాకా ఉంది. నీదే అనుకున్నా. పిలిస్తే పలకలేదు..."

అది ఎవరిదో పాత గుర్తు. ఎండి గట్టిపడింది కూడా.

తూనీగ నాన్న చేతుల వైపు చూసింది. నిండా ముళ్ళ గీతలు. తను బెంచీ మీద అరటిపండు తింటూ నాన్న మీద ఫిర్యాదులు సిద్ధం చేసుకుంటున్న సమయంలో నాన్న ఇక్కడ ఈ పొదలన్నీ వెతికాడు.

ఆమె వెళ్ళి నాన్న నడుముని చుట్టేసింది.

"దూరం జరగవే, చెమట కంపు."

"జరగను."

"షూ దొరికిందా సార్?" అని అడిగింది ఆంటీ.

"పోతే పోయింది మేడం. దొరకాల్సింది దొరికింది," అన్నాడు నాన్న. అప్పుడు మొదటిసారి నవ్వాడు.

ఇంట్లో అమ్మ నాన్న పాదాల వైపు చూసి, "రెండో షూ ఏదండీ?" అంది.

"కొండకి నచ్చిందట. అడిగితే ఇచ్చేశా."

అమ్మ నవ్వేసింది. అక్కడితో ఆ సంగతి ముగిసిపోయేదే. నాన్న ఇంకేమీ చెప్పేలా లేడు కూడా. తూనీగ తన గదిలోకి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అమ్మా, నేను నాన్నని వదిలేసి వెళ్ళిపోయాను. ఆగమన్నా ఆగలేదు." మొత్తం చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. చెప్పాక గుండె తేలికైంది.

అమ్మ మందు ట్యూబు తెచ్చి తూనీగ చేతిలో పెట్టింది. ఒక్క గీతా వదలకుండా తూనీగే రాసింది. మంటకి నాన్న "ఉస్స్" అన్నప్పుడల్లా ఊదుతూ రాసింది.

రేసు రోజు రానే వచ్చింది.

మొదటి పెద్ద ఎత్తు మీదికి తూనీగే ముందు చేరింది. సైకిల్ దిగి, పక్కన పెట్టి నిలబడింది. నాన్న వగరుస్తూ వచ్చాడు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి అందించింది. ఒక జంట వాళ్ళని దాటిపోయింది. ఇంకో జంట కూడా.

"పద పద, అందరూ వెళ్ళిపోతున్నారు," అన్నాడు నాన్న.

"నువ్వు ఇప్పుడే కదా వచ్చావు. కాస్త ఊపిరి పీల్చుకో."

నాన్న నీళ్ళు తాగాడు. ఊపిరి కుదుటపడింది. తూనీగ సైకిలెక్కింది కానీ కదల్లేదు.

"ఇక్కణ్ణుంచి నువ్వు ముందు వెళ్ళు నాన్నా. నేను నీ వెనక వస్తా."

నాన్న ఒకసారి ఆమె వంక చూసి, ముందుకి కదిలాడు. తూనీగ ఆయన వేగానికే తన వేగం తగ్గించుకుంది. నాన్న వెనక ఆమె సైకిల్ తొక్కడం అదే మొదటిసారి.

దారి చదునుగా ఉన్నచోటల్లా నాన్న పెడల్ ఆపి, మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు. ఆమె వస్తోందో లేదో చూసుకుని, మళ్ళీ తొక్కుతున్నాడు.

ఆయన చూసినప్పుడల్లా తూనీగ చెయ్యి పైకెత్తి గట్టిగా ఊపింది.

"వస్తున్నా నాన్నా!"