ఆకుపచ్చ వైరు కాస్త పొడుగ్గా

"పెట్టె ముట్టుకున్నారా?"

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అదే. భుజాన పనిముట్ల సంచి, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు.

"లేదండీ. ఊరికే చూశానంతే," అన్నాడతను.

"చూడ్డానికి స్క్రూలు విప్పక్కర్లేదే. కిటికీలో నాలుగు కనబడుతున్నాయి."

వంటింట్లోంచి వాళ్ళమ్మ నవ్వింది. "మా ఇంజనీరు ఏదీ ఊరికే చూడడమ్మా. లోపలికి రా."

నిజానికి అతను ఇంజనీరు కాడు. మందు సీసాల మీద అంటించే లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఎక్కడ ఒక సున్నా ఎక్కువ పడినా పట్టేస్తాడు. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడంలో అతన్ని మించినవాడు ఆ ప్రెస్సులో లేడు. ఇంటికొస్తే మాత్రం ఫ్యాను దగ్గర్నుంచి కుళాయి దాకా అన్నిట్లో వేలు పెడతాడు. సగం బాగవుతాయి. మిగతా సగం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. ఆ సగానికే 'ఇంజనీరు' అన్న పేరొచ్చింది.

హాల్లో ఓ మూల పాత సబ్‌వూఫర్ ఉంది. పాటలో దరువుని గట్టిగా మోగించే మోకాలెత్తు చెక్కపెట్టె, వెనక ఇనుప రేకు. నాలుగు రోజులుగా అది పాట పెట్టినా పెట్టకపోయినా గుయ్యిమంటోంది. దాని వెనక రెండేళ్ళ కిందట అంటించిన రిపేరు షాపు స్టిక్కరు ఉంటే, ఆ నంబరుకే అమ్మ ఫోన్ చేసింది. పోయినసారి వచ్చిన పెద్దాయనే వస్తాడనుకుంటే ఈ అమ్మాయి వచ్చింది.

"ట్రాన్స్‌ఫార్మర్ పోయిందండీ. నెట్లో చూశాను," అన్నాడు ఇంజనీరు.

"నెట్లో మీ పెట్టె ఉందా?"

"అంటే, ఇలాంటివి..."

"ఫ్యాను ఆపండి. ముందు దీన్ని విననివ్వండి."

ఫ్యాను ఆపాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, పెట్టెకు చెవి దగ్గరగా పెట్టింది. అంత శ్రద్ధగా వినేవాళ్ళని అతను ఎప్పుడూ చూడలేదు. మనుషులు మాట్లాడుతుంటేనే ఎవరూ అలా వినరు కదా అనిపించింది.

"ఇప్పుడు వైర్లన్నీ పీకేస్తాను. కరెంటు వైరు ఒక్కటే ఉంచుతాను," అంది. "అప్పుడూ మోత ఉంటే జబ్బు లోపలుంది. పోతే బయటుంది."

"డాక్టర్లా చెబుతున్నారే."

"డాక్టరుకి రోగి ఎక్కడ నొప్పో చెబుతాడు. ఇదేమో దేనికైనా గుయ్యి అనే అంటుంది."

వైర్లన్నీ పీకింది. మోత పోలేదు. "లోపలే," అంది తృప్తిగా.

అప్పుడు లోపలి గదిలోంచి బామ్మ వచ్చింది. ఆమెకి పదేళ్ళుగా చెవులు వినపడవు. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి, రహస్యమైనా వీధికి వినపడేలా చెబుతుంది.

"చీమలు పోయాయా?" అంది బామ్మ.

ఆ అమ్మాయి అయోమయంగా చూసింది. అమ్మ వచ్చి చెప్పింది. "ఆవిడ పొద్దున్నే దేవుడి పాటలు ఈ పెట్టె మీద చెయ్యి పెట్టి వింటుందమ్మా. అరచేతికి దరువు తెలుస్తుంది. దాన్ని పట్టుకుని తనూ పాడుతుంది. మోత మొదలైన దగ్గర్నుంచి చేతికి చీమలు పాకుతున్నట్టుందిట. దరువు అందట్లేదని నాలుగు రోజులుగా పాడడం మానేసింది."

బామ్మ పెట్టె మీద చెయ్యి ఆనించి చూపించింది. ఆ అమ్మాయి ఆ చేతి పక్కనే తన అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. బామ్మ వేళ్ళు అలవాటుగా చెక్క అంచు దాటి వెనక రేకు మీద ఆనాయి. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, బామ్మకి కనబడేలా మెల్లగా పెదవులు కదిలించింది.

"అవును బామ్మగారూ. చీమలే."

"చూశావా," అంది బామ్మ గట్టిగా. "మా వాడు ఇన్ని రోజులైనా ఒక్కసారి చెయ్యి పెట్టి చూడలేదు."

మన ఇంజనీరు మనసు ఎక్కడ జారిందని ఎవరైనా అడిగితే, సరిగ్గా అక్కడే. దేవుడి పాట వినడానికి చెవులే కావాలని మనందరం అనుకుంటాం. ఆ అనుకోవడం లేని మనిషి ఎదురైతే ఎవరి మనసు మాత్రం కుదురుగా ఉంటుంది?

ఆమె ప్లగ్గు తీసేసి, వెంటనే విప్పకుండా కాసేపు ఆగింది. "కరెంటు తీసినా లోపల కొంచెం దాచుకుని ఉంటుంది. తొందరపడితే చురక పెడుతుంది," అంది. తర్వాత రేకు విప్పి లోపల చూపించింది. "కరెంటు దాచుకునేది ఈ కెపాసిటరే. దీని నెత్తి చూడండి. బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బిపోయింది. ఈ సైజు ఇప్పుడు నా దగ్గర లేదు, రేపు తెస్తాను."

రేపు అనగానే అతని మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. ఆమె చేతికి కరెంటు ప్లగ్గు వచ్చింది. మూత విప్పి చూసి, మొహం మార్చుకుంది.

"ఎర్త్ వైరు పీకేసి ఉంది. ఎవరు చేశారిది?"

రెండు నెలల కిందట టీవీ వైరు ఈ పెట్టెకి కలిపినప్పుడు కూడా ఓసారి మోత వచ్చింది. ఎర్త్ తీసేస్తే పోతుందని నెట్లో చదివి, ఇంజనీరు ప్లగ్గులో ఆకుపచ్చ వైరు పీకేశాడు. మోత పోయింది. అమ్మ ఆ సంగతి మూడిళ్ళలో చెప్పుకుని మురిసింది.

"లోపల ఎక్కడైనా తేడా వస్తే ఈ రేకులోకి కరెంటు వస్తుంది," అంటోంది ఆమె. "దాన్ని భూమిలోకి పంపేది ఈ వైరే. బామ్మగారి వేళ్ళు రోజూ ఎక్కడుంటాయో చూశారుగా. ఎవరు చేశారండీ?"

అతనికి బామ్మ వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. నేనే అనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా ఆ కళ్ళు. ఇప్పుడిప్పుడే తనని మనిషిగా చూడడం మొదలుపెట్టిన కళ్ళు.

"పోయినసారి మీ షాపు నుంచే ఒక పెద్దాయన వచ్చారు. ఆయనేమో," అన్నాడు.

"నెరిసిన మీసం, దళసరి కళ్ళద్దాలు?"

"ఆయనే."

ఆమె ప్లగ్గు కింద పెట్టేసింది. సంచి సర్దుకుని, గొడుగు తెరవడం కూడా మర్చిపోయి వానలో వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చింది గాని, నిన్న వచ్చిన మనిషి కాదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మాటా పలుకూ లేకుండా పాత కెపాసిటర్ ఊడదీసి కొత్తది పెట్టింది. వేడి సోల్డరింగ్ కడ్డీ తగలగానే టంకం ముక్క వెండిబొట్టులా కరిగి, ఉండాల్సిన చోట ఉండిపోయింది. ఎంత పనితనం అనుకున్నాడతను. పైకి మాత్రం, "ఇవాళ నన్ను ఏమీ అనట్లేదే. ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బానే ఉంది."

"నెట్లో చూసి మందు చెప్పనా?"

ఆమె నవ్వలేదు. కడ్డీ స్టాండులో పెట్టి, తలెత్తకుండా చెప్పింది. "ఆ పెద్దాయన మా మేనమామ. నన్ను పెంచింది ఆయనే, ఈ పని నేర్పింది ఆయనే. రెండేళ్ళుగా చూపు మందగించి, పోయినేడు కళ్ళ ఆపరేషన్ కూడా అయింది. ఇళ్ళకి వెళ్ళి పనిచేయడం మానమంటే వినేవాడు కాదు. నిన్న ఈ ప్లగ్గు సంగతి చెప్పాను. ముసలావిడ చెయ్యి పెట్టే పెట్టెకి ఎర్త్ పీకేసి వచ్చావు, ఇంక నువ్వు పనికి వెళ్ళొద్దు మావయ్యా అన్నాను."

"ఆయనేమన్నారు?"

"కాదంటాడనుకున్నాను. పోట్లాడతాడనుకున్నాను. గుర్తులేదమ్మా, చేశానేమో అన్నాడు. పనిముట్ల పెట్టె తెచ్చి నా ముందు పెట్టేశాడు."

వేలెడు పొడుగులేని అబద్ధం. ఆమె ఏదో దుమ్ములా దులిపేసుకుంటుందనుకుని అన్నాడు. అది పోయి పోయి ఒక మనిషి చేతుల్లోంచి నలభై ఏళ్ళ పనిని లాగేసింది. ఇప్పుడు నిజం చెబితే ఈ అమ్మాయి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. చెప్పకపోతే తొక్కుతుందేమో గాని, తను ఆ మొహంలోకి ఎలా చూడగలడు?

"ఆయన కాదండీ," అన్నాడు. "నేను. రెండు నెలల కిందట నేనే పీకాను."

ఆమె తలెత్తి చూసింది.

"నిన్న చెప్పుంటే ఏం చేసేదాన్ని? నాలుగు తిట్టేదాన్ని. నాలుగు తిట్లకి భయపడి మావయ్యని..."

"తిట్లకి కాదు. మీరు నా గురించి తక్కువగా అనుకుంటారని."

"ఇప్పుడు ఎక్కువగా అనుకుంటున్నానా?"

"లేదు. అయినా చెప్పాలి కదా."

ఆమె లేచి నిలబడింది. "నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన మనిషి షాపులో ఉన్నాడు. పదండి."

షాపు అంటే ఇరుకు గది. అరల నిండా పొట్టలు విప్పిన రేడియోలు, యాంప్లిఫయర్లు. పెద్దాయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏదీ ముట్టుకోకుండా. ఆ చేతుల్ని చూడగానే ఇంజనీరు దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఆ ఎర్త్ వైరు తీసింది నేనండీ. మీ మీద పెట్టి అబద్ధం చెప్పాను. తప్పు నాది."

"నేను కాదా?" అన్నాడు పెద్దాయన.

"కాదండీ."

"నిజంగా కాదా?"

"మీరు చేసిన పని చెక్కు చెదర్లేదండీ. పీకింది నేను."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "నిన్నట్నుంచి ఆ ప్లగ్గునే తలుచుకుంటున్నాను బాబూ. బిగించినట్టూ గుర్తొచ్చింది, మర్చిపోయినట్టూ గుర్తొచ్చింది. మనసు ఎంత చెడ్డదో చూడు, అడిగితే ఏ సాక్ష్యమైనా చెబుతుంది."

"మావయ్యా, నేనూ సరిగా అడక్కుండానే తీర్పు చెప్పేశాను," అంది ఆమె. "వైర్లు ఒక్కొక్కటే పీకి చూడాలని అందరికీ చెబుతాను. నీ దగ్గర మాత్రం ఆ ఓపిక లేకపోయింది."

"ఊరుకో. ఆ పెట్టె ఇటివ్వు ముందు." పనిముట్ల పెట్టె ఒళ్ళోకి తీసుకుని, అందులోంచి కొత్త ప్లగ్గు, దానికో కొత్త కరెంటు వైరు తీసి అతని ముందు పెట్టాడు. "కూచో బాబూ. పీకడం వచ్చుగా, బిగించడం నేర్చుకో."

అతను కూర్చున్నాడు. వైర్ల తోలు ఒలిచి, మూడూ సమానంగా కత్తిరించబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆకుపచ్చది కాస్త పొడుగ్గా ఉంచు."

"ఎందుకండీ?"

జవాబు ఆమె చెప్పింది. కోపం ఇంకా పూర్తిగా పోని గొంతుతో. "ఎవరైనా వైరు పట్టుకుని గుంజితే మిగతా రెండూ ముందు ఊడాలి. కాపాడేది అన్నిటికన్నా ఆఖర్న ఊడాలి."

అతను తలవంచుకుని బిగించాడు. ప్రూఫులు దిద్దేటప్పుడు కూడా అంత భయభక్తులతో ఉండడు.

ముగ్గురూ కలిసి ఇంటికి వచ్చారు. పాత కరెంటు వైరు తీసేసి, అతను ప్లగ్గు బిగించిన కొత్త వైరుని పెట్టెకి పెట్టి, అన్నీ కలిపి స్విచ్చి వేశారు. పెట్టె గుయ్యిమంది.

"బాగైందనుకున్నానే," అంది అమ్మ.

"ఇది వేరే మోతమ్మా," అన్నాడు ఇంజనీరు. "రెండు నెలల కిందట నేను నొక్కేసింది. మూడిళ్ళలో చెప్పావే, అది." అని మొత్తం చెప్పేశాడు. అమ్మ అతన్ని ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వు చూడమ్మా," అన్నాడు మేనకోడలితో. ఆమె ఒక్కో వైరే పీకుతూ వచ్చింది. టీవీ వైరు పీకగానే మోత ఆగింది. టీవీ ప్లగ్గు ఆ గోడకి, ఈ పెట్టె ప్లగ్గు ఈ గోడకి ఉన్నాయి. రెండు చోట్ల ఎర్త్ ఉంటే ఇలాగే మోగుతుందంటూ, రెంటినీ ఒకే బోర్డుకి పెట్టి వైరు మళ్ళీ కలిపింది. హాలంతా నిశ్శబ్దం. పెట్టె ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం.

బామ్మ వచ్చి అరచెయ్యి పెట్టింది. కాసేపు ఆగింది.

"చీమలు పోయాయి," అంది.

అమ్మ దేవుడి పాట పెట్టింది. బామ్మ వేళ్ళు మెల్లగా కదిలాయి. రెండో చరణానికి దరువు దొరికింది. గొంతెత్తి పాడింది. శ్రుతి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి గాని, తాళం మాత్రం ఒక్కచోట తప్పలేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేశాడు.

పాట అయ్యాక ఆమె ప్లగ్గు ఊడదీసి మూత విప్పింది. "మావయ్య చూశాడు, నేను చూడలేదు," అంటూ లోపల చూసి కనుబొమ్మలెత్తింది. "కాస్త పొడుగ్గా అంటే ఇంతా? మరీ ఎక్కువుంచారు. కత్తిరించాలి."

"ఎవరెంత గుంజినా ఉండాలని," అన్నాడతను. తర్వాత ఎవరికీ వినపడకుండా, పెదవులు మాత్రం కదిలేలా ఇంకో మాటన్నాడు.

బామ్మ ఎదురుగానే ఉన్న సంగతి మర్చిపోయాడు.

"పెట్టె పాడవకపోయినా వస్తావా అంటున్నాడమ్మా నిన్ను," అంది బామ్మ, పక్కింటివాళ్ళు తలుపు తెరిచేంత గట్టిగా.

అమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని ఇంజనీరుని కొత్తగా చూశాడు. ఇంజనీరు మొహం ఎర్రగా కాలిన సోల్డరింగ్ కడ్డీలా అయింది.

ఆమె మాత్రం బామ్మ వైపు తిరిగి, చప్పుడు లేకుండా, తాపీగా పెదవులు కదిలించింది. బామ్మ శ్రద్ధగా చూసి, తలూపి, సభకి విన్నవించింది.

"వస్తుందిట. నిన్నటి అబద్ధం మీద కోపం మాత్రం ఇంకా కొంచెం ఉందిట. అది పోయేదాకా వీడు స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదట."

"ముట్టుకోను," అన్నాడు ఇంజనీరు.

"నమ్మకు," అంది అమ్మ.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "చేసిన తప్పు తనే వచ్చి చెప్పాడమ్మా," అన్నాడు అమ్మతో. "మిగతాది నేర్పుకోవచ్చు. ఆదివారం ఒకసారి కూచుని మాట్లాడుకుందాం."

వైరు కత్తిరించడానికి తీసిన కట్టరు ఆమె చేతిలో అలాగే ఉంది. ఎక్కువైన ఆకుపచ్చ వైరు వైపు ఒకసారి చూసింది. కట్టరు సంచిలో వేసేసి, ఆ వైరుని వేలితో మడిచి లోపల సర్ది, మూత బిగించింది.