పూసేదాకా పెళ్లి మాట లేదు

షామ్‌బర్గ్‌లో దిగిన మూడో రోజునే సైలస్ ఒక పుణ్యకార్యం చేశాడు. అది కాస్తా అతని మెడకు చుట్టుకుంది.

చీరాల కుర్రాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం, సగం రోజులు ఇంటి నుంచే పని. దైవాశీర్వాదం గారింట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాడు. జనవరి నెల, శనివారం పొద్దున కాఫీ పట్టుకుని వెనక డెక్ మీదకి వెళ్తే, అక్కడ ముప్పై ప్లాస్టిక్ పాల క్యాన్లు మంచులో సగం కూరుకుపోయి కనిపించాయి. ఒక్కోదాన్ని నడుం దగ్గర కోసి, మట్టి నింపి, మళ్లీ టేప్ చుట్టారు. మట్టిలో ఏవో విత్తనాలు. అయ్యో పాపం, ఎవరో లోపల పెట్టడం మర్చిపోయారు అనుకున్నాడు మన దయామయుడు. చేతికొకటి చొప్పున పదిహేనుసార్లు మెట్లు దిగి, అన్నిటినీ ఫర్నేస్ పక్కన వెచ్చగా పేర్చి, అరగ్లాసు చొప్పున గోరువెచ్చని నీళ్లు కూడా పోశాడు.

మధ్యాహ్నానికి క్వయర్ ప్రాక్టీసు నుంచి ఇంటి వాళ్లమ్మాయి వచ్చింది. పేరు పర్సిస్. ఆరేళ్లప్పుడు గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడే చదివి, ఇక్కడే ఒక హాస్పిటల్లో ఫార్మసిస్టుగా పనిచేస్తోంది. బేస్‌మెంట్ మెట్ల మీద ఆమె బూట్ల చప్పుడు వినగానే సైలస్ మర్యాదగా లేచి నిలబడ్డాడు. థాంక్స్ చెబుతుందనుకున్నాడు.

"నా సీడ్స్‌ని కిడ్నాప్ చేసింది మీరేనా?" అంది.

బయట చలిగా ఉందని సైలస్ నసిగాడు. ఆమె నుదురు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. తర్వాత చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఇవి ఈ నేలలో తరతరాలుగా పుట్టి పెరిగిన ప్రెయిరీ పూలు, అంటే ఇక్కడి గడ్డిమైదానాల పూలు, పేరు బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్. ఈ విత్తనం తడి చలిలో కనీసం ఓ నెల పడి ఉంటేనే చలికాలం గడిచిందని నమ్మి కళ్లు తెరుస్తుంది. వెచ్చదనం చూసి మోసపోయి ఇప్పుడే మొలిస్తే, బయట మంచుకి చస్తుంది.

"మా చీరాలలో విత్తనం వేస్తే మూడో రోజుకి మొలుస్తుందండీ."

"ఇది చీరాల కాదండీ. మళ్లీ బయట పెట్టండి."

మళ్లీ పదిహేనుసార్లు మెట్లెక్కాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిదోసారి ఐసు మీద కాలు జారి, మంచులో చతికిలబడ్డాడు. అయినా రెండు చేతుల్లో రెండు క్యాన్లూ పైకెత్తే పట్టుకున్నాడు. చిటికెడు మట్టి కూడా ఒలకలేదు. అప్పుడు నవ్వింది పర్సిస్, తలుపు పట్టుకుని, ఊపిరాడనంతగా. సైలస్ ఆ మంచులోనే ఇంకాసేపు కూర్చుండిపోయాడు.

ఆ పూల వెనక ఒక ప్రార్థన ఉన్న సంగతి వారం తర్వాత పర్సిస్ వాళ్లమ్మ వసంతకుమారి ఆంటీ ఇడ్లీలు పెడుతూ చెప్పింది. డ్రైవ్‌వే పక్కన దక్షిణం వైపు ఒక నేల ముక్క ఉంది. అంతా కంకర, రోజంతా ఎండ. దైవాశీర్వాదం అంకుల్ రెండుసార్లు గడ్డి పరిపించినా మాడి మసైపోయింది. పోయిన అక్టోబర్‌లో కుటుంబ ప్రార్థనకి కూర్చున్నప్పుడు డల్లాస్ హార్ట్ డాక్టర్ సంబంధం సంగతి ఎత్తాడాయన. ఆ ముక్కలో తను పూలు పూయిస్తానని, అవి పూసేదాకా పెళ్లి మాట ఎత్తొద్దని అంది పర్సిస్. అంకుల్ బంతిపూలు అనుకున్నాడు. చలి తగ్గాక విత్తనం వేస్తే రెండు నెలల్లో పూలు, ఆమాత్రం ఆగలేమా అని, అవి పూసేదాకా పెళ్లి మాట ఎత్తనని ప్రార్థనలోనే పైకి అనేశాడు. ఆంటీ ఆమెన్ అంది. ఆయన చర్చిలో సంఘ పెద్ద. ప్రార్థనలో అన్న మాట ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పినవాడు కాదు.

మే నెలలో మొలకల్ని ఆ ముక్కలో నాటారు. పార పట్టింది సైలస్. వేర్లు కదలకూడదని మట్టిగడ్డతో సహా దింపుతూ పర్సిస్ అడిగింది, ఇది పూయడానికి ఎంతకాలం పడుతుందో తెలుసా అని. రెండు నెలలేమో అన్నాడు.

"రెండేళ్లు. ఒక్కోసారి మూడు."

"అంకుల్‌కి తెలుసా?"

"ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

పార మీద వాలిపోయి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు సైలస్. తర్వాత ఆమె దాచిన ఎండుకాయ ఒకటి చూపించింది. విప్పితే లోపల తెల్లటి పట్టుదూదికి అతుక్కున్న గింజలు. "ఇది అచ్చం మా జిల్లేడు కాయండీ" అన్నాడు. ఆమె ఫోన్‌లో చూసి, నిజంగానే రెండూ ఒకే ఫ్యామిలీ, కజిన్స్ అంది. ఇంటి ముందు జిల్లేళ్లు మొలిపిస్తున్నామని తెలిస్తే ఆంటీ ఇద్దర్నీ బయటికి గెంటేస్తుందని, ఆ రహస్యం అక్కడే పాతిపెట్టారు. అంతకుముందు ఒక్క రహస్యమే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి. రెండు రహస్యాలు పంచుకున్నాక మనుషులు అండీ గిండీ అనుకోవడం మానేస్తారు.

ఆ వేసవంతా సైలస్‌ది కాపలా ఉద్యోగం. మొదటి నాలుగు వారాలు తప్ప వాటికి నీళ్లక్కర్లేదు, ఎరువు అసలే అక్కర్లేదు. క్యారెట్‌లా నిటారుగా వేరు దించుకుని తమ తిండి తామే చూసుకుంటాయి. ఎక్కువ ప్రేమిస్తే కుళ్లిపోతాయి. ఈ సంగతి అంకుల్‌కి ఎక్కదు. సాయంత్రమైతే చాలు, హోస్ పైప్ పట్టుకుని బయల్దేరతాడు. ఆంటీ అయితే కరివేపాకు చెట్టుకి పోసే పుల్లమజ్జిగ చెంబుతో వస్తుంది. ఒకరోజు ఆపడానికి ఇంకే దారీ దొరక్క సైలస్ ఆ మజ్జిగ తనే తాగేశాడు. ఆంటీకి అతనిమీద జాలేసి, మర్నాటి నుంచి రోజూ ఒక గ్లాసు కిందకి పంపడం మొదలెట్టింది.

సాయంత్రాలు ఆ కంకర పక్కన గొంతుక్కూర్చుని ఇద్దరూ కలుపు తీసేవాళ్లు. ఆమె తన హాస్పిటల్ కబుర్లు చెప్పేది, అతను తన మేనేజర్ గొంతు అనుకరించేవాడు. సెప్టెంబర్ వచ్చేసరికి మొక్కలు జానెడు ఎత్తు. మొగ్గ జాడ లేదు. సైలస్ మాత్రం పీకల్లోతు ప్రేమలో ఉన్నాడు.

ఇప్పుడతని బాధ వినండి. పువ్వు పూస్తే డల్లాస్ డాక్టరు వస్తాడు. పూయకముందే తను నోరు తెరుద్దామంటే, పెళ్లి మాట తప్పించుకోవడానికే మూడేళ్ల పువ్వు వెతుక్కున్న పిల్లని పెళ్లెలా అడుగుతాడు? కాదంటే ఈ సాయంత్రాలు కూడా పోతాయి. అలా చలికాలం వచ్చింది, పోయింది.

రెండో ఏడాది మే నెలలో ఊరంతా పచ్చబడింది, ఆ ముక్క మాత్రం బోడిగానే ఉంది. చచ్చిపోయాయి కదమ్మా అన్నాడు అంకుల్. ఇవి ఆలస్యంగా లేస్తాయి నాన్నా అంది పర్సిస్. అన్నట్టే, నెలాఖరుకి కంకరలోంచి ఊదారంగు ముక్కులు బయటికొచ్చాయి. జూన్ రెండో వారానికి మోకాలెత్తు.

బేస్‌మెంట్ కిటికీ సరిగ్గా నేలమట్టానికి ఉంటుంది. కాబట్టి చివరి మొక్క కొసన ఆకుపచ్చ మొగ్గల గుత్తిని ఆ ఇంట్లో మొదట చూసింది సైలసే. ఇక ఆగి లాభం లేదని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పైకి వెళ్లబోతూ కిటికీ వైపు చూస్తే అక్కడ పర్సిస్ చెప్పులు కనిపించాయి. ఆమె వంగింది, అటూ ఇటూ చూసింది, గుత్తిని గోటితో తుంచి జేబులో వేసుకుని వెళ్లిపోయింది.

సైలస్ చొక్కా విప్పి హ్యాంగర్‌కి తగిలించాడు. ఇంతకన్నా తేటగా ఎవరు చెబుతారు? ఈ అమ్మాయికి పెళ్లి వద్దు. ఆ వారమంతా మీటింగులనీ తలనొప్పనీ చెప్పి కలుపు తీయడానికి పోలేదు. గురువారం నాడు, నెలాఖరుకి ఖాళీ చేస్తానని, ఆఫీస్ దూరమవుతోందని అంకుల్‌తో అన్నాడు. అంకుల్ అతని మొహంలోకి చూసి, సరేనయ్యా అన్నాడు.

పది నిమిషాల్లో పర్సిస్ కిందకి వచ్చింది.

"ఆఫీస్ దూరమా? ఎనిమిది మైళ్లు. ఎవరికి చెప్తున్నావ్?"

"మొగ్గలు తుంచావు. చూశాను."

ఆమె మొహం ఎర్రబడింది. గోడకి ఆనుకుని, నేలని చూస్తూ మాట్లాడింది.

"డల్లాస్ వాళ్లు సండే లంచ్‌కి వస్తున్నారు. జస్ట్ లంచ్ అంట. ఆ టైమ్‌కి పూస్తే నాన్న మాట ఎత్తుతారు. నీకెవరైనా ఇష్టమా అని అడుగుతారు. నేనెవరి పేరు చెప్పాలి, సైలస్? ఏడాదిన్నర నా పక్కన కూర్చున్నావు. ఒక్క మాట అన్నావా?"

"నీకు పెళ్లే వద్దనుకున్నా."

"డల్లాస్ వద్దన్నా."

సైలస్ ఏడాదిన్నరగా కూడబెట్టుకున్న డైలాగులన్నీ ఎటో పోయాయి. చివరికి, "నువ్వంటే నాకు ప్రాణం. మంచులో పడిన రోజు నుంచీ" అన్నాడు, అంతే. ఆమె కళ్లు తుడుచుకుని, నవ్వి, ఆ మొక్కకే పక్కకొమ్మన ఇంకో గుత్తి ఉందంది.

"దాన్ని తుంచనా, ఉంచనా? నువ్వే చెప్పు."

"ఉంచు."

చెప్పి ఊరుకోలేదు. చెప్పుల్లో కాళ్లు సగమే దూర్చి, డ్రైవ్‌వేలో కారు తుడుస్తున్న అంకుల్ ముందుకెళ్లి నిలబడ్డాడు. మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానండీ అన్నాడు. దైవాశీర్వాదం గారు గుడ్డ పిండి, బానెట్ మీద ఆరేశాడు.

"పువ్వు పూయలేదు కదయ్యా. నేను మాట ఎత్తకూడదు."

"ఎత్తనన్నది మీరు అంకుల్. నేనెక్కడా అనలేదు. నేనడుగుతున్నాను."

జవాబు చెబితే పెళ్లి మాట ఎత్తినట్టే. దేవుడితో అన్న మాట. పెద్దాయన ఇరకాటంలో పడ్డాడు. విసవిసా లోపలికి వెళ్లిపోయాడు. సైలస్ ప్రాణం అక్కడే పోయింది. కాసేపటికి కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. డల్లాస్‌కి ఫోన్ చేసి, ఆదివారం వీలుపడదండీ, ఇక ఎప్పుడూ వీలుపడదండీ, క్షమించండి అంటున్నాడు. ఆంటీ అదేంటని అడిగితే, మాట ఎత్తకూడదు గానీ ఎత్తిన మాట ఆపకూడదని నేను ప్రార్థించలేదే అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ ఇంట్లో అందరి కళ్లూ ఒక గుత్తి మీదే. అంకుల్ అవునన్నట్టా, కాదన్నట్టా? అడిగితే పెదవి విప్పడు. పొద్దున్నే చూస్తాడు, మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో ఫోన్ చేసి రంగు తిరిగిందా అని కనుక్కుంటాడు. ఇన్నాళ్లూ ఎప్పుడు పూస్తుందో ఏమోనని నింపాదిగా ఉన్న మనిషి, ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాస్త నీళ్లు పోద్దామా అని దొంగచాటుగా సైలస్‌ని అడిగాడు. వద్దు అంకుల్ అన్నాడు సైలస్, తనకీ పోయాలనే ఉన్నా.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆకాశం నల్లబడి, గాలి లేచి, గోలీలంత వడగళ్లతో వాన విరుచుకుపడింది. సైలస్ కిటికీలోంచి చూశాడు. మొక్క ముందు రెండు కాళ్లు కనిపించాయి, లుంగీ మడిచి కట్టి ఉంది. పరుగెత్తుకెళ్తే దైవాశీర్వాదం గారు, చర్చికి మాత్రమే తీసే పెద్ద నల్ల గొడుగు మొక్కకి పట్టి, తను నిలువునా తడుస్తున్నాడు. బట్టతల మీద వడగళ్లు టపటపా పడుతున్నాయి. లోపలికి రండి అంకుల్ అంటే, నువ్వా పక్కన పట్టుకో ముందు అని కసిరాడు. ఇద్దరూ గొడుగు చెరో పక్కా పట్టుకుని, వాన వెలిసేదాకా నిలబడ్డారు. గుమ్మంలో పర్సిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్లమ్మకి కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున గుత్తిలో మూడు పూలు విచ్చుకున్నాయి. చిక్కటి నారింజ రంగు. దైవాశీర్వాదం గారు అప్పటికే స్నానం చేసి, ఆదివారం కాకపోయినా తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అందరినీ డ్రైవ్‌వేలోకి పిలిచాడు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకోనిచ్చినందుకు స్తోత్రం చెప్పాడు. కళ్లు తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"సైలస్, ఇప్పుడు నేను మాట ఎత్తుతున్నాను. మా అమ్మాయిని చేసుకుంటావా?"

"చేసుకుంటాడు నాన్నా" అంది పర్సిస్.

"అతన్ని చెప్పనీవే."

సైలస్ చెప్పబోయి, గబగబా తలూపాడు, మూడుసార్లు.